తేనెటీగ కళ్లు

"ఆఖరి ప్రశ్న! తేనెటీగకు ఎన్ని కళ్లు?" అంది యాంకరు.

పోటీదారు రాలేదని ప్రేక్షకుల్లోంచి నన్ను లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. నేనెవరి భార్యనో వాళ్లకు తెలియదు. ప్రశ్నలు రాసే మా ఆయన కెమెరా పక్కన బిగుసుకుపోయారు. ప్రతి ప్రశ్నా ముందు నామీదే పరీక్షిస్తారు. పొద్దున నేను జడ వేసుకుంటుంటే ఇదే అడిగి, "ఐదు, పిచ్చిమొద్దూ!" అని నవ్వారు.

సరిగ్గా చెబితే నాకు ఫ్రిజ్జు. మా సంగతి బయటపడితే ఆయన ఉద్యోగం ఊడుతుంది.

"చెప్పమ్మా, కాలేజీ చదువు ఏమైంది?" యాంకరు తొందరపెట్టింది.

"రెండు."

హాలు గొల్లుమంది.

"అయ్యో, ఐదు! మీ ఆయనైనా చెప్పలేదా?"

"ఆయనకంత తీరికెక్కడిదండీ!"

నా మైకు విప్పడానికి ఆయనే వచ్చారు. మైకు ఆపేశాక చెవి దగ్గర గొణిగారు.

"ఇంకెప్పుడూ నిన్ను ప్రశ్నలడగను."

"అడగండి. తప్పు చెప్పడం కూడా వచ్చేసిందిగా నాకు!"