మిత్తి లేని బేరం

బండి దిగిన కొత్త మనిషి మంచినీళ్లయినా అడగకుండా, "వడ్లు మంచిగ పండినయా అవ్వా?" అన్నాడు.

చంద్రవ్వ చేతిలోని చేట పక్కన పెట్టి లేచింది.

అవి యుద్ధం రోజులు. సర్కారు లెవీ కింద ధాన్యం పట్టుకుపోతున్న రోజులు. అడిగినవాడు చుట్టమైనా సరే, పంట సంగతి నాగిరెడ్డిపేటలో ఎవరూ నిజం చెప్పడం లేదు.

"ఏం పంట నాయినా, గింజ లేదు, అంత తాలే" అంది, నిండిన వడ్ల గుమ్మికి అడ్డంగా నిలబడి.

తన పేరు అబ్రాహామన్నాడు. కామారెడ్డి బాట మీది తండా నుంచి వస్తున్నానన్నాడు. అక్కడ వానల్లేక జొన్న ఎండిపోయిందట. చెరువు కింది ఊరు పండింది కాబట్టి ఇంటికిన్ని వడ్లు ఇస్తే, రేపు ఈ ఊరికి కష్టమొచ్చిన ఏడు తండావాళ్లు జొన్నలు పెడతారట. కాగితం కూడా అక్కర్లేదట.

"మిత్తెంత?"

"మిత్తి లేదవ్వా."

అంతవరకూ అనుమానమే. మోసమేనని అప్పుడు రూఢి అయింది. మిత్తి లేని బేరం చంద్రవ్వ పుట్టి ఎరగదు. ఆమె తోడబుట్టినవాడే మానెడు నువ్వులు అప్పిచ్చి, మీద వడ్డీ కింద సోలెడు గుంజాడు.

పైగా లంబాడీ తండాలో అబ్రాహాము ఏంది?

ఆ మాట పటేలు లింగయ్య చెవిన వేసింది. అతణ్ణి చావడిలో కూర్చోబెట్టి పొద్దు వాలేదాకా అడిగారు. తండా పెద్దెవరు? హీర్యా. గుడిసెలెన్ని? నలభై. అన్నీ తడుముకోకుండా చెప్పాడు. ఇంత తడుముకోనివాడు నేర్చుకొచ్చినవాడే అని పటేలు తేల్చాడు.

ఉత్తచేతులతో పంపితే పగబట్టి లెవీవాళ్లను తెస్తాడేమో. అందుకని చంద్రవ్వ ఒక బస్తా నిండా తాలు పోయించి, పైన రెండు దోసిళ్ల గట్టి వడ్లు కప్పింది.

అతను బస్తా ఎత్తాడు. బరువు తెలియని మనిషిలా లేడు. అయినా బండిలో వేసుకున్నాడు.

"మీ ఊరి పేరు చెప్పి ఇస్తనవ్వా" అని బండికి ఎడ్లు కట్టాడు.

నిగనిగలాడే కోడెల జత. ఇలాంటి ఎడ్లున్నవాడికి అడుక్కునే ఖర్మేమిటని చంద్రవ్వ ఇంకోసారి అనుమానపడింది.

మరుసటి ఏడు కోతల ముందర రాళ్లవాన పడింది. వరి మొత్తం బురదలో కలిసింది. తినడానికి గింజల్లేవు, విత్తడానికీ లేవు. చంద్రవ్వ పెనిమిటి సాయన్న ఉన్న ఒక్క బర్రెను కామారెడ్డి అంగడికి తోలబోతుంటే, వాకిట్లో జొన్నల బండి ఆగింది.

దాని వెనక ఇంకో రెండు.

దిగినవాడు తన పేరు హీర్యా అన్నాడు. నిజంగానే ఉన్నాడన్నమాట.

చంద్రవ్వ బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసింది. అడుగుదాకా జొన్నలే.

"పోయినేడు మీరిచ్చిన పన్నెండు బస్తాల వడ్లతోనే మా పిల్లలు బతికిన్రవ్వా" అన్నాడు హీర్యా.

బండ్లు చూసి వచ్చిన పటేలు ఊరుకొమ్మని కళ్లతో సైగ చేస్తున్నా చంద్రవ్వ నోరు ఆగలేదు.

"మేమిచ్చింది ఒక్క బస్తా తాలు."

"తాలా? గట్టి వడ్లు. అబ్రాహాము కిరాయి బండ్లల్ల తెచ్చి దింపిండు."

"కిరాయి బండ్లా? ఆయన ఎడ్లేమైనయి?"

హీర్యా అతని దగ్గర ఎడ్లను ఎన్నడూ చూడలేదు. అవి ఏమయ్యాయో, పన్నెండు బస్తాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చంద్రవ్వకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఆయన మీ తండా మనిషే గద?"

"మీ ఊరి మనిషినని మాకు చెప్పిండు."

ఒక్కసారి అతణ్ణి తీసుకురమ్మంది చంద్రవ్వ. హీర్యా తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. కిందటి నెల ఎల్లారెడ్డి ఊరి అంగట్లో అబ్రాహాము జ్వరంతో పడిపోతే తండాకు మోసుకుపోయారట. మూడు రోజులు కూడా బతకలేదట.

"మీ ఊరికి తీస్కపోతమంటె గది నా ఊరు కాదన్నడు. మరి నీ ఊరేదని అడిగినం."

హీర్యా తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు.

"మీ పొలాలకు నీళ్లిచ్చే గా చెరువు కట్టినప్పుడు, దాని అడుగున మునిగిన ఊరట అవ్వా."