వెనక్కి చెప్పే మాట

"గుంత!" అని మాస్టారు వెనక్కి కేకేశారు.

సైకిలు యాత్రలో అదే కట్టుబాటు. ముందువాళ్లు చూసిన గుంతను వెనకవాళ్లకు చెప్పాలి. కానీ ఇరవైమంది వరసలో ఇప్పుడు ఆయనే ఆఖరు.

ముందున్న నర్సమ్మ వేగం తగ్గించి పక్కకొచ్చింది. "ఎవరికి బాబాయ్? మీ వెనక గాలి తప్ప ఎవరూ లేరు."

"అలవాటమ్మా. పోయేదాకా మీ పిన్ని నా వెనకే కదా. ఒక్క గుంతలోనూ పడనివ్వలేదు. ఇక నావల్ల కాదు, వచ్చే ఊళ్లో ఆగిపోతాను."

"పిన్నికి ఆ గుంతలు మీకన్నా ముందే కనిపించేవి. పోయినేడు నాతో అంది."

"మరి నాతో అనలేదే!"

"నేనూ అడిగాను. 'చెబితే ఆ ఒక్క మాటా మానేస్తారే పిల్లా. పొద్దస్తమానం ఆయన నోట్లోంచి నాకోసం వచ్చే మాట అదొక్కటే' అని నవ్వేసింది."

మాస్టారు తొక్కడం మానేశారు. సైకిలు దానంతటదే పల్లానికి జారింది. నర్సమ్మ ఆయన వెనక్కి చేరింది.

ఊరొచ్చింది, వెళ్లిపోయింది. మాస్టారు ఆగలేదు. అక్కణ్నుంచి రోడ్డు నున్నగా సాగింది, ఒక్క గుంతా లేదు.

"ఏమోయ్," అన్నారు ఆయన తల తిప్పకుండా. "కుడివైపు చూడు. పొలం నిండా ఎన్ని కొంగలో!"