రంపం వంతు

"ఈ రంపం మీరే ఉంచుకోండి అన్నయ్యగారూ. ఇంట్లో తుప్పు పడుతోంది."

వడ్రంగి అయిన ఆమె భర్త పోయి మూడు నెలలైంది. పగలు చెక్క కోసిన రంపాన్నే సాయంత్రం ఈ ముసలివాళ్ల బృందంలో వయొలిన్ కమానుతో వాయించేవాడు.

నూనె పీపాలు వాయించే పెద్దాయన చెయ్యి చాపలేదు. "ఒక్క పాట విని ఇవ్వు చెల్లెమ్మా. నలభై ఏళ్లలో మా కచేరీకి ఒక్కసారీ రాలేదు నువ్వు."

"ఇంట్లో విన్నది చాలదా?" అంటూనే వెళ్లి హాల్లో ముందు వరుసలో కూర్చుంది.

నిజానికి ఇంట్లోనూ వినలేదు. భర్త కమాను తియ్యగానే తలుపు వేసేసేది.

పీపాలు, ఇనుప గొట్టాలు హోరెత్తాయి. ముసలివాళ్లు పూనకం వచ్చినట్టు వాయిస్తున్నారు. పాట మధ్యలో అందరూ ఒక్కసారిగా ఆపేశారు. మరిచిపోయారేమోనని ఆమె కంగారుపడింది.

అంతలో హాలంతా కూనిరాగం అందుకుంది. అది రంపం వాయించాల్సిన చోటు. వందలమంది, ఒక్క స్వరం తప్పకుండా పాడుతున్నారు.

పక్క సీటు అమ్మాయి ఆమె వైపు వంగింది. "మీకు రాదా ఆంటీ? నేను మా నాన్న చంకలో ఉన్నప్పట్నుంచీ వింటున్నా. మీరు కొత్తా?"

"కొత్తేనమ్మా." ఒళ్లోని రంపాన్ని దగ్గరకు తీసుకుంది. "కాస్త నెమ్మదిగా పాడవూ, నేర్చుకుంటాను."