పండగకు తాయమ్మ అడిగినవి

“నాకు చీర వద్దు మామా,” అంది తాయమ్మ.

వెంకటసామి చెప్పుల్లో కాలు పెట్టబోతూ ఆగిపోయాడు. దీపావళి బట్టల కోసం ధర్మపురి బస్సెక్కే ముందు ఎవరికేం కావాలో అడగడం ఆయన అలవాటు. కొడుకు జయరామన్ టెరికాటన్ చొక్కా గుడ్డ అడిగాడు. భార్య అలమేలమ్మ ఎప్పటిలాగే నాకేమీ వద్దంది. ఇక కోడలు ‘మీ ఇష్టం మామా’ అనాలి. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ప్రతి పండగకూ ఆమె అన్నది అదే. ఆయన తెచ్చింది ఆకుపచ్చ చీరే.

“చీర కాకుంటే ఇంకేం కావాలమ్మా?”

“చిన్నచిన్నవే. చెప్తే నవ్వకూడదు.”

“నవ్వను, చెప్పు.”

“నేనొకతే వాడుకొనే సోపు ఒకటి. పండగ పొద్దు ఎవురైనా దోసె పోసిస్తే కూచొని వేడిగా తినాల. బస్సులో కిటికీ పక్కన కూచొని ధర్మపురి దాకా పోయి, ఏ పనీ లేకుండా ఊరికే తిరిగి రావాల. ఆ పొద్దు వాన రావాల, మిద్దె మీద ఎండేసిన వడియాలు మాత్రం తడవకూడదు. మధ్యాన్నం ఇంకొంచెం పొడుగుండాల.”

వెంకటసామి ఇచ్చిన మాట మరిచి నవ్వేశాడు. “సోపు తెస్తా. మధ్యాన్నం ఏ అంగట్లో అమ్ముతారో విచారిస్తా. అంతేనా?”

“దోసె నేను పోసిస్తాలే,” అంది అలమేలమ్మ, చేటలో ఉద్దిపప్పు ఏరుతూ.

“ఇంకొకటుండాది,” అంది తాయమ్మ. గొంతు తగ్గింది. “పండగ పొద్దు ఒక్కనాడన్నా నన్ను నా పేరు పెట్టి పిలవాల.”

అంతే, ఇంట్లో నవ్వు ఆగిపోయింది.

ఆమెకు పుట్టింటివాళ్లు పెట్టిన పేరు అలమేలు. వచ్చిపడింది అలమేలమ్మకే కోడలిగా. ‘అలమేలూ, ఆ పేడ ఎత్తు’ అని ఎవరైనా కోడలిని కేకేస్తే అత్తను అన్నట్టే కదా. అందుకని పెళ్లి పీటల మీదే కోడలి పేరు మార్చారు. వెంకటసామి తల్లి తాయమ్మ అప్పటికే కాలం చేసింది కాబట్టి ఆ పేరు ఖాళీగా ఉంది. దాన్నే పెట్టారు.

“నీకేమన్నా పిచ్చా?” అన్నాడు జయరామన్. “మా అమ్మ ముందర నిలబడుకొని, మా అమ్మ పేరు పెట్టి నిన్ను పిలవాల్నా?”

“నేను పుట్టినప్పుడు నాకు పెట్టిన పేరు అది.”

“ఇక్కడ నీకు పేరు పెట్టలేదా? మా అవ్వ పేరు. బంగారట్లాంటి పేరు.”

“చచ్చిపోయిన ముసలామె పేరు మోసుకొని తిరగతా ఉండాను. ఊరికి పోయినప్పుడైనా మా అమ్మ అలమేలూ అనేది. మొన్న ఆడి నెలలో ఆమె పోయినాది. మా అన్న పాపా అంటాడు. ఇంక ఆ పేరు పిలిచేవాళ్లు నాకు ఎవురూ లేరు.”

చెబుతూనే ఏడ్చేసింది. వెంకటసామికి మనసు కలుక్కుమంది. కానీ మనసు వేరు, మర్యాద వేరు. భార్యను తానే ఎన్నడూ పేరు పెట్టి పిలిచి ఎరగడు. ఆ పేరుతో కోడలిని పిలవడానికి ఆయనకు నోరెలా వస్తుంది?

“అది జరిగే పని కాదమ్మా. వేరే ఏదైనా అడుగు.”

“వేరే ఏమీ వద్దు మామా.”

జయరామన్‌కు ఒళ్లు మండిపోయింది. లోపలికి పోయి ట్రంకు పెట్టె తెచ్చి వసారాలో దభీమని పెట్టాడు.

“ఎత్తుకో. నాయన ఎక్కే బస్సులోనే నిన్నూ ఎక్కిస్తా. మీ అన్న ఇంటికి పోయి ఎట్ల కావాలంటే అట్ల పిలిపించుకో.”

బతిమాలుతుందనుకున్నాడు. తాయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, పెట్టె ఎత్తుకుని, మెట్టు దిగింది. అంత పని చేస్తుందని ఎవరూ అనుకోలేదు.

అలమేలమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

“ఆగవే,” అంది కోడలితో. కొడుకు వైపు తిరిగింది. “దాన్ని అలమేలు అనే పిలవరా. పండగ పొద్దే కాదు, దినామూ పిలవండి.”

వింటున్నది నిజమేనా అని ముగ్గురూ ఆమె వైపే చూశారు.

“నీ పేరు పెట్టి కోడల్ని కేకేస్తే ఊరు నవ్వదా?” అన్నాడు వెంకటసామి.

“అది నా పేరా? మీరే చెప్పండి. నా పేరేనా అది?”

వెంకటసామి తల దించుకున్నాడు. తండ్రి అలా తల దించుకోవడం జయరామన్ ఎప్పుడూ చూడలేదు. అతనికి భయం వేసింది.

“ఏందమ్మా నువ్వనేది? నీ పేరు కాకుంటే ఎవురిది?”

“మా అత్త తాయమ్మ. ఈ ఇంటికి వచ్చేటప్పటికి నా పేరూ అదే. అత్త పేరు పెట్టి కోడల్ని పిలవకూడదని, తాళి కట్టిన పొద్దే నన్ను అలమేలు చేసినారు.”

కోడలు పెట్టె పట్టుకునే నిలబడిపోయింది.

“దీనికి నేను ఆ పేరు పెట్టినప్పుడు, చచ్చిపోయిన అత్త మీద ఎంత భక్తో అని ఊరంతా మెచ్చుకొనింది,” అంది అలమేలమ్మ. “ఆమె మీద నాకేం భక్తి? దినామూ ఎవురో ఒకరు తాయమ్మా అని కేకేస్తా ఉంటే వినొచ్చునని పెట్టినాను.”