ఎర్ర కారు వద్దన్నాయన

ఎర్ర కారు చుట్టూ మూడోసారి తిరుగుతున్నాడు కళ్ళద్దాల షాపతను.

రెండే తలుపులు. నేలకు ఆనుతుందేమో అన్నంత కిందికి ఉంది. సముద్రం దాటి వచ్చిన బండి.

"ఇదే బావా. చూస్తే తెలియట్లేదూ? దీనికి పెద్ద టర్బో బిగించామంటే ట్రాక్ మీద మనల్ని పట్టుకునేవాడుండడు," అన్నాడు బావమరిది.

బావమరిదికి కార్ల గురించి తెలియనిది లేదు. అంతా ఫోన్లో చూసి నేర్చుకున్నదే.

విదేశాల నుంచి వచ్చిన పాత కార్లు అమ్మే యార్డు అది. ఊరి బయట రేసు ట్రాక్ ఉంది. ఆదివారాలు ఎవరి కారు వాళ్ళు తెచ్చి పరిగెత్తించుకోవచ్చు. కళ్ళద్దాల షాపతను నాలుగేళ్ళుగా కంచె బయట నిలబడి చూస్తున్నాడు. ఈ ఏడాది తనూ దిగాలనుకున్నాడు.

"ఇంట్లో ఫ్యాను తిరగట్లేదని ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నా. మీరు కారు స్పీడు పెంచుతారా?" అంది భార్య, బయలుదేరేటప్పుడు.

రేకుల షెడ్డు నీడలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చాడు.

"ఊరికే తిరగడానికా బాబూ, మార్పులేమైనా చేయిస్తారా?"

"మార్పులే. ఇప్పుడున్న బలానికి రెట్టింపు చేయిస్తాం," అన్నాడు బావమరిది.

పెద్దాయన ఒక్క క్షణం ఎర్ర కారు వైపు చూశాడు.

"అయితే ఇది వద్దు."

"ఏం?" అన్నాడు కళ్ళద్దాల షాపతను.

"వెనక ఎడమవైపు చట్రం ఒకసారి వంగింది. వెల్డింగ్ పెట్టి నిలబెట్టారు. పైన రంగు ఉంది కాబట్టి కనబడదు. నెమ్మదిగా నడుపుకుంటే పదేళ్ళయినా నడుస్తుంది. బలం పెంచితే మాత్రం ఆ అతుకు ఒప్పుకోదు."

మూలనున్న బూడిద రంగు కారు చూపించాడు. నాలుగు తలుపులు. లెక్కల మాస్టారి కారులా ఉంది.

"అది చూడండి. ఇంజను ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. ముందు బ్రేకులు మార్చండి, తర్వాత టైర్లు. టర్బో సంగతి ఆ తర్వాత. ఆగడం రాని బండికి పరుగెందుకు?"

బావమరిది బావ చెవిలో గొణిగాడు, పెద్దాయనకు వినబడేటట్టే.

"బూడిద కారు తాలూకు బ్రోకరు. చూస్తే తెలియట్లేదూ?"

"కాదు బాబూ. ఈ ఎర్ర కారు సంగతి నాకెలా తెలుసంటే..."

"చాల్లెండి పెద్దాయనా," అన్నాడు కళ్ళద్దాల షాపతను. "మీ కమీషన్ కోసం మా బేరానికి అడ్డుపుల్ల వెయ్యకండి."

పెద్దాయన మాట మింగేశాడు.

"సరే బాబూ. కొనేముందు మీ మెకానిక్ చేత ఒకసారి కింద నుంచి చూపించండి. అంతే."

వెళ్ళి మళ్ళీ నీడలో కూర్చున్నాడు.

మర్నాడు కళ్ళద్దాల షాపతను మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. అనుమానం తీర్చుకుందామని కాదు, ముసలాయన నోరు మూయిద్దామని.

మెకానిక్ లైటు పట్టుకుని ఎర్ర కారు కిందికి దూరాడు. ఐదు నిమిషాల తర్వాత బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"మలుపులో ఇది విరిగితే మీ ఇంటికి కబురు చెప్పే పని నా నెత్తిన పడేది," అన్నాడు.

బూడిద కారు కొన్నారు.

తీసుకెళ్తుంటే పెద్దాయన షెడ్డు నీడలోంచి చెయ్యి ఊపాడు. దిగి ఒక మాట చెప్పాలనిపించింది కళ్ళద్దాల షాపతనికి.

"దిగడం దేనికి బావా? ఆయన వాటా ఆయనకి ముట్టే ఉంటుంది," అన్నాడు బావమరిది.

నిజమే కదా అనుకుని, ఆపకుండా పోనిచ్చాడు.

ఏడాది గడిచింది. ముందు బ్రేకులు మార్చారు, తర్వాత టైర్లు. టర్బో ఆఖర్న బిగించారు.

ఒక ఆదివారం, ట్రాక్ మీద మంచి వేగంలో ఉండగా ముందు వెళ్తున్న కారు జారి గిర్రున తిరిగింది. దారికి అడ్డంగా నిలిచిపోయింది. లోపలున్న మనిషి భయంతో ఇటే చూస్తున్నాడు.

కళ్ళద్దాల షాపతను బలంకొద్దీ బ్రేకు తొక్కాడు.

బూడిద కారు మూరెడు దూరంలో ఆగింది.

చాలాసేపు స్టీరింగు వదల్లేకపోయాడు. పక్క సీట్లో ఉన్న బావమరిది పెళ్ళి చూపుల్లో కూడా అంత బుద్ధిగా కూర్చోలేదు.

"ఆ పెద్దాయన దగ్గరికి వెళ్దాం బావా," అన్నాడు చివరికి.

ట్రాక్ నుంచి తిన్నగా యార్డుకి వెళ్ళారు. షెడ్డు కింద కుర్చీ లేదు. ఎర్ర కారు ఉన్నచోట వేరే కారు ఉంది.

"ఇక్కడ ఒక పెద్దాయన కూర్చునేవారు కదా?" అని యార్డు యజమానిని అడిగాడు కళ్ళద్దాల షాపతను.

"ఆయనా? పోయి రెండు నెలలైంది. వాళ్ళావిడ పోయిన పదో రోజే."



"ఆయన మాకు బూడిద కారు ఎవరి తరఫున అమ్మిపెట్టారో చెప్పండి," అన్నాడు కళ్ళద్దాల షాపతను. " వాళ్ళనడిగితే ఆయన ఇల్లయినా తెలుస్తుంది."

"ఎవరి తరఫునా? బూడిద కారు నాది. దాంతో ఆయనకేం సంబంధం?"

"మరి కమీషన్?"

"నా దగ్గర చిల్లిగవ్వ తీసుకోలేదు. పైగా నా చేత తిట్లు తినేవాడు. ఎర్ర కారు కోసం వచ్చినవాళ్ళంతా మీలాగా వేగం కోసం వచ్చినవాళ్ళే. ఒక్కణ్ణీ కొననివ్వలేదు. ఆఖరికి దాన్ని పాత ఇనుము కింద తూకానికి వేశాం."

"మీ యార్డులో కూర్చుని బేరాలు చెడగొడుతుంటే ఊరుకున్నారా?" అన్నాడు బావమరిది.

యజమాని షెడ్డు వైపు చూశాడు.

"ఆపడానికి నేనెవర్ని? భార్య వైద్యానికని ఆ ఎర్ర కారు తెచ్చి నా దగ్గర అమ్మకానికి పెట్టింది ఆయనే."