ఒకే పైపులో రెండు కేబుళ్ళు

"పీకేయండి మేడం, ఏం కాదు," అన్నాడు ఇంజనీరు లియావ్.

తైవాన్‌లో తైతుంగ్ దగ్గరి ఆ చిన్న ఆసుపత్రిలో, మేనేజరు ఫాన్ మేడం కళ్ళు గట్టిగా మూసుకుని నెట్‌వర్క్ స్విచ్‌లోంచి ఒక కేబుల్ పీకేసింది. తెర మీద, కొండపైన ఆరోగ్య కేంద్రంలో ఉన్న నర్సు మాట తడబడలేదు, బొమ్మ ఆగలేదు. లియావ్ ముందే ఆ రెండు కేబుళ్ళ పోర్టులనూ కలిపి ఒక్కటిగా కట్టాడు. రెండూ ఉంటే రెట్టింపు వేగం, ఒకటి పోతే రెండోది బరువు మోస్తుంది. ఇకపై ఇక్కడి డాక్టర్లు ఆ తెర చూసే కొండమీది రోగులకు వైద్యం చెప్పాలి.

"భేష్! ఇంకేం, ముద్ర కొట్టేయండన్నా. సోమవారమే ప్రారంభం," అంటూ ఆమె పని పూర్తయిందన్న కాగితమూ, ఎర్ర సిరా డబ్బా ముందుకు జరిపింది.

లియావ్ జేబులోంచి చెయ్యి తియ్యలేదు. "కొట్టను."

"అయ్యో రామా, అదేంటి?"

"కేబుళ్ళు రెండూ కొండదారి పక్కన ఒకే పైపులో వెళ్తున్నాయి. పైపు తెగితే రెండూ పోతాయి. రెండోదాన్ని వేరే దారిన తిప్పాలి."

"బాగుంది సంబడం! ఏడాది కిందట ఈ ప్లాను గీసిందెవరు? దీని మీదున్న ముద్ర ఎవరిది?"

"నాదే."

"అప్పుడు లేని జ్ఞానోదయం ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది? తవ్వకాల కాంట్రాక్టరు మీ బావమరిదా ఏంటి?"

లియావ్‌కి కోపం రాలేదు. ఈమధ్య అతనికి ఏదీ తెలియడం లేదు, ఆకలితో సహా.

"ముద్ర పడకపోతే సోమవారం నుంచి పనిలోకి రావద్దన్నాడట కదా మీ యజమాని! పోనీ, ముద్ర ఇటివ్వండి, నేనే కొడతాను. అందరూ చేసేదే కదా."

నిజమే. సంతకానికి బదులు పేరు ముద్రే చెల్లే ఈ ఆఫీసుల్లో ఒకరి ముద్ర ఇంకొకరు కొట్టడం కొత్తేం కాదు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలోనూ అతని ముద్ర పక్క బల్ల అమ్మాయి సొరుగులోనే ఉండేది. ఇప్పుడది అతని పిడికిట్లో ఉంది.

"ఇవ్వను మేడం."

"మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా! తైపే నుంచి నెల కిందట వచ్చినదాన్ని, నాకే తెలుసు. ఏప్రిల్లో ఆ దారిలోనే కొండచరియ విరిగిపడి బస్సు లోయలో పడిందట, ఒక్కరూ మిగల్లేదట పాపం. మీ పైపుకి మాత్రం గీత కూడా పడలేదు. ఇంకా దేనికండీ భయం?"

లియావ్ పీకిన కేబుల్‌ని తిరిగి పోర్టులో పెట్టాడు. ప్లాను మీది తన పాత ముద్రను కలంతో అడ్డంగా కొట్టేశాడు. దాని కింద నిదానంగా రాశాడు: 'రెండింటినీ ఒకే దారిన పంపడం నా తప్పు.'

ఫాన్ మేడం గొంతులో వెటకారం పోయింది. "ఉద్యోగం పోతుందన్నా, వినండి!"

"పోనివ్వండి."

ఏప్రిల్లో కూతుళ్ళిద్దరినీ ఆ బస్సెక్కించింది అతనే.