బూజుకర్ర

పై వాటాలో పియానో మొదలైంది.

కింది వాటాలో టైలరమ్మ మిషను ఆపింది. మూలనున్న బూజుకర్ర అందుకుని పైకప్పుని మూడు పోట్లు పొడిచింది.

ఢాం, ఢాం, ఢాం.

పియానో ఒక్క క్షణం ఆగింది. అచ్చం అదే వరసలో టంగ్, టంగ్, టంగ్ అంది. ఆ తర్వాత రెట్టింపు హుషారుతో ఎత్తుకుంది.

"చూశారా! వెక్కిరిస్తున్నాడు!"

మంచం మీద దుప్పటి కదిలింది. అందులో ఉన్నది ఆవిడ మొగుడు, బస్సు డ్రైవరు. రాత్రంతా బండి నడిపొచ్చి పగలు పడుకోవాల్సిన మనిషి.

"ఆయన పియానో కంటే నీ కర్రే ఎక్కువ మోగుతోందే," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"ఆఁ, నాదే తప్పు! మొన్న స్టీరింగు మీద కునికిపాట్లు పడి బస్సుని ఫుట్‌పాత్ ఎక్కించింది నేనేగా! ఇంకోసారి అలా జరిగితే ఉద్యోగం ఊడుతుందన్నారు. ఆ మాట మరిచిపోయి పడుకోండి."

నిజం చెప్పాలంటే, ఆవిడ మొదట్లో మర్యాదగానే వెళ్ళింది. పై వాటా తలుపు తట్టింది. తీయలేదు. చెయ్యి వాచేలా బాదింది. ఉహూఁ. కిటికీలోంచి తొంగి చూస్తే, చెప్పుల్లేకుండా అరికాళ్ళు నేలకి ఆనించి, కళ్ళు మూసుకుని వాయించుకుంటున్నాడు ఆ మహానుభావుడు.

మెట్ల మీద ఎదురుపడితే ఇంకా ఒళ్ళు మండేది.

"ఏమయ్యా పెద్దమనిషీ! కింద మనుషులున్నారనుకున్నావా, గొడ్లున్నాయనుకున్నావా?"

ముసలాయన టోపీ తీసి, నవ్వి, తలాడించి పైకెళ్ళిపోయాడు.

"తిడుతుంటే నవ్వుతాడేమిటి! దున్నపోతు మీద వాన కురిసినట్టు!"

తిన్నగా ఇంటి ఓనరు దగ్గరికెళ్ళింది.

"ఒకప్పుడు పెద్ద పేరున్న జాజ్ పియానిస్టటమ్మా," అన్నాడు ఓనరు. "సొంత బ్యాండు, దేశదేశాల్లో కచేరీలు. ఎన్ని ట్యూన్లు కట్టాడో లెక్కలేదట. ఇప్పుడూ ఏదో కొత్తది కడుతున్నాడని వాళ్ళమ్మాయి చెప్పింది."

"అయితే నెత్తిన పెట్టుకుని ఊరేగమంటారా? మా ఆయన కచేరీలు చెయ్యడు, బస్సు తోలతాడు. ఆ బస్సు నిండా జనం ఉంటారు."

"పెద్దాయన కదా, కాస్త సర్దుకుపొండి."

"ఆయనుంటే మేముండం. తేల్చుకోండి."

ఓనరు తేల్చుకునేలోగా యుద్ధం ముదిరింది.

ఆవిడ ఎంత గట్టిగా పొడిస్తే పియానో అంత రెచ్చిపోయేది. వేగం పెంచితే అదీ పెంచేది. చెయ్యి నొప్పెట్టి ఆపేస్తే అదీ ఆగిపోయేది. ఆ తర్వాత పైనుంచి కాలితో నేల మీద తట్టేవాడు. టక్, టక్, టక్.

"నువ్వు ఊరుకుంటే ఆయనా ఊరుకుంటున్నాడుగా, వదిలెయ్యవే," అన్నాడు డ్రైవరు.

"రారమ్మని పిలుస్తుంటే ఊరుకోమంటారా? నేనేమైనా తేరగా దొరికానా?"

కర్ర లేచింది. ఢాం!

చివరికి ఓనరు ముసలాయన్నే ఖాళీ చెయ్యమన్నాడు.

పియానోని తాళ్ళు కట్టి దించుతుంటే టైలరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది, చూసి సంతోషించింది. ముసలాయన ఆవిడ దగ్గరికొచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించాడు.

"నీ చెయ్యి అద్భుతమమ్మా! ఒక్కసారీ తాళం తప్పలేదు!" అని వీధి వీధంతా వినపడేలా అరిచాడు.

అందరూ అటు తిరిగారు. టైలరమ్మ మొహం కందగడ్డయింది.

"పోతూ పోతూ కూడా ఎగతాళే! పో, పీడా విరగడైంది!"

ఆయన మొహం మీదే ధడాలున తలుపేసింది.

ఆ రోజు నుంచి డ్రైవరు గుర్రుపెట్టి నిద్రపోయాడు. టైలరమ్మకే మధ్యాహ్నమయ్యేసరికి చెయ్యి ఊరికే మూలకి పోయేది. తనని తనే తిట్టుకుని మళ్ళీ మిషను తొక్కేది.

కొన్నాళ్ళకి ఒకామె వచ్చింది.

"ఇక్కడ డ్రమ్స్ వాయించే ఆవిడ ఉండాలండీ."

"డ్రమ్సూ లేవు, డోళ్ళూ లేవు. నేను టైలర్ని."

"పై వాటాలో ఉండి వెళ్ళిన పియానో ఆయన కూతుర్నండీ."

"ఓహో! ఇప్పుడెవరి నిద్ర చెడగొడుతున్నాడేం?"

"నాన్న పోయిన వారం పోయారు."

టైలరమ్మ మిషను దగ్గర్నుంచి లేచింది. కుర్చీ జరిపింది. ఆమె కూర్చోలేదు.

"ఆ కొత్త ట్యూను సగంలోనే ఆగిపోయిందండీ. మా ఇంట్లో రోజూ పియానో ముందు కూర్చునేవారు. కాలితో మూడుసార్లు నేల తట్టి, ఎదురుచూసేవారు. మాది నేల మీద కట్టిన ఇల్లు, కింద మట్టి తప్ప ఏముంది? కాసేపు చూసి మూత వేసేసేవారు. 'అక్కడ కింది వాటాలో నా డ్రమ్మరుంది' అనేవారు. ఆవిణ్ణి ఒక్కసారి చూద్దామని వచ్చాను."

ఆమె చూపు మూలనున్న బూజుకర్ర మీద పడింది. తలెత్తితే పైకప్పు నిండా సున్నం రాలిన గుంటలు.

టైలరమ్మకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"డ్రమ్మరేంటమ్మా! ఆపమని కొట్టాను నేను! తలుపు బాదాను, మెట్ల మీద అనరాని మాటలన్నాను. ఒక్కటంటే ఒక్కటీ వినపడలేదా ఆయనకి?"

"బయట తెలిస్తే పరువు పోతుందని ఎవరికీ చెప్పనిచ్చేవారు కాదు," అంది కూతురు, ఆ కర్రని మెల్లగా నిమురుతూ. "నాన్నకి రెండు చెవులూ పోయి ఆరేళ్ళయిందండీ, ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అరికాళ్ళతో ఆయన విన్నదల్లా ఇదొక్కటే."